సోమశిల నిండింది సరే, మా చెరువు సంగతేంది?

వానలు బాగా పడిన ఏడాది అక్టోబరు, నవంబరు నెలల్లో మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒకే వీడియో పదిసార్లు తిరుగుతుంది. సోమశిల గేట్లెత్తిన వీడియో. తెల్లటి నురగ, చుట్టూ సెల్ఫీలు దిగే జనం, వెనకాల ఏదో ఒక సినిమా పాట. దాని కింద వరసగా దండాలు, పూలు. హాస్టల్లో నా రూమ్మేట్ అది చూసి, "మీకేంరా, డ్యాం పక్కనే ఊరు. నీళ్లకి కొదవే లేదు" అంటాడు. వాడిది గోదావరి జిల్లా. వాడి లెక్కలో నీళ్ల పక్కన ఊరుంటే ఆ ఊరికి నీళ్లున్నట్టే.

మాది ఉదయగిరికీ ఆత్మకూరుకీ మధ్య చిన్న పల్లె. బండెక్కితే గంటలోపే సోమశిల కట్ట మీద ఉంటాం. కానీ డ్యాంలో నీళ్లు మా చేలకి రావాలంటే ఎత్తు ఎక్కి రావాలి. మాది మెట్ట. నీళ్లు పల్లానికే పోతాయి కాబట్టి అవి నెల్లూరు డెల్టాకి పోతాయి, కండలేరుకి పోతాయి, అక్కణ్ణుంచి చెన్నై దాకా పోతాయి. మాకుండేది ఒక చెరువు, దాని పైన ఇంకో చెరువు, ఆ పైన వెలిగొండలు. అంతే.

నేను ఇంటర్ చదివేటప్పటి మాట. ఆ ఏడాది సోమశిల నిండింది. టీవీలో చెప్పారు, పేపర్లో ఫొటో వేశారు. మా నాయన ఆ ఫొటో చూసి, "కాలం బాగుందబ్బయా, ఈసారి వరి పెడదాం" అన్నాడు. చెరువు కింద మాకున్న రెండెకరాలకీ నారు పోశాడు. చెరువులో అప్పటికి నీళ్లు సగానికి తక్కువే. కార్తీకంలో తుఫాను రాకపోతుందా, చెరువు కలుజు పారకపోతుందా అని ధైర్యం. ఒక వాయుగుండం మా వైపే వస్తున్నట్టు వచ్చి పైకి తిరిగిపోయింది. మబ్బులు పట్టినట్టే పట్టి విడిపోయాయి. సంక్రాంతి దాటేసరికి తూము దగ్గర బురద తేలింది. వరి పొట్ట మీద ఉండగా ఎండిపోయింది. ఐదు పుట్ల వడ్లు రావాల్సిన మడిలో పశువులకి మేత మిగిలింది. ఆ రోజుకి కూడా సోమశిలలో నీళ్లు బాగానే ఉన్నాయి.

ఆ రాత్రి మా జేజి అడిగిన ప్రశ్న నాకిప్పటికీ గుర్తుంది. "సోమశిల నిండితే మన చెరువెందుకు నిండుద్దిరా? దాని నీళ్లెక్కడియి, మన నీళ్లెక్కడియి?" సివిల్ ఇంజినీరింగులో చేరి, హైడ్రాలజీ పేపర్ రాసి, మూడో సంవత్సరానికి వచ్చాక తెలిసింది, ఆమె అడిగింది మా సిలబస్‌లోని అసలు ప్రశ్న అని. దానికి అక్టోబరు మొదట్లోనే, అందరికీ అర్థమయ్యే భాషలో జవాబు చెప్పే ఏర్పాటు మనకి ఉండాలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది అదే.

డ్యాంలో ఎవరి నీళ్లు?

పెన్న కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు ప్రవహించి మన జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. దారిలో చిత్రావతి, పాపాగ్ని, కుందేరు, సగిలేరు, చెయ్యేరు కలుస్తాయి. ఇవన్నీ సోమశిలకి ఎగువనే. అంటే డ్యాంలోని 78 టీఎంసీల చోటు నిండాలంటే వాన పడాల్సింది అనంతపురంలో, కడపలో, నంద్యాల వైపు, కర్ణాటకలో. అది చాలక తెలుగుగంగ ద్వారా శ్రీశైలం నుంచి, పోతిరెడ్డిపాడు, వెలుగోడు, బ్రహ్మంగారిమఠం మీదుగా కృష్ణా నీళ్లు కూడా వస్తాయి. శ్రీశైలం నిండేది మహారాష్ట్ర, కర్ణాటక కొండల్లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసే వానతో. సతారాలో వాన పడితే సోమశిలకి నీళ్లు రావచ్చు. ఉదయగిరిలో వాన పడకపోయినా వస్తాయి.

మా చెరువు కథ పూర్తిగా వేరు. నెల్లూరు జిల్లాకి ఏడాది వానలో సగానికి పైగా వచ్చేది అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో, ఈశాన్య రుతుపవనాలతో. బొగ్గేరు, బీరాపేరు లాంటి వాగులు పారేది అప్పుడే. గొలుసుకట్టు చెరువులు ఒకదాని కలుజు నుంచి ఇంకోదానికి నిండేది అప్పుడే. రెండు వాయుగుండాలు సరిగ్గా తగిలితే పండగ. తగలకపోతే జనవరికి ట్యాంకర్లు.

ఒకే మండలంలో పక్కపక్కనే ఉన్నా, సోమశిలా మా చెరువూ రెండు వేర్వేరు రుతుపవనాల బిడ్డలు. ఇంకో తమాషా ఏంటంటే ఈ రెండు రుతుపవనాలకీ చాలాసార్లు పడదు. ఎల్‌నినో వచ్చిన ఏడాది నైరుతి దెబ్బతినే అవకాశం ఎక్కువ, ఈశాన్యం బలంగా ఉండే అవకాశం ఎక్కువ. 2015 ఎల్‌నినో ఏడాది. ఆ నవంబరులో నెల్లూరు, చెన్నై ఎలా మునిగాయో మనకి గుర్తే. ఇది ప్రతిసారీ నిజం కాదు. 2021 లానినా ఏడాది, అయినా నవంబరులో పెన్న పొంగింది. కానీ పైన కాలం బాగుంటే కింద కూడా బాగుంటుందని అనుకోవడానికి వీల్లేదని చెప్పడానికి ఇది చాలు. మా నాయన చేసిన పొరపాటు ఇదే. పంట వేయడంలో తప్పు లేదు, పక్క నీళ్ల లెక్క చూసి వేశాడు.

ఒక్క అంకెతో వచ్చే చిక్కు

మనకి నీటి గురించి వినపడే మాట ఒక్కటే: "ఎన్ని టీఎంసీలు?" ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు సోమశిల నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వదలాల్సి వచ్చింది. ఆ లెక్కన ఒక్క రోజు పారితే 43 టీఎంసీలు, డ్యాం మొత్తంలో సగానికన్నా ఎక్కువ. పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, హైవే తెగింది, నీళ్లు సముద్రంలో కలిశాయి. ఏడాది చివర లెక్క రాస్తే అది "నీళ్లు బాగా వచ్చిన సంవత్సరం". మొత్తం ఎంత వచ్చిందన్న అంకె, ఎప్పుడొచ్చింది, ఎక్కడొచ్చింది అన్న రెండు ప్రశ్నలనీ మింగేస్తుంది.

పైగా ఆ మొత్తం కూడా రాయి మీద చెక్కిన అంకె కాదు. పెన్నా బేసిన్‌లో ఏడాదికి సగటున లభించే నీరు 632 కోట్ల ఘనపు మీటర్లని, అంటే సుమారు 223 టీఎంసీలని కేంద్ర జల సంఘం 1993 నాటి లెక్క. అదే సంస్థ ఉపగ్రహ సమాచారం వాడి 2019లో మళ్లీ కట్టిన లెక్కలో అది 1,102 కోట్ల ఘనపు మీటర్లు, అంటే దాదాపు 389 టీఎంసీలు. ఈ మధ్యలో నదిలోకి కొత్తగా నీళ్లేమీ పుట్టుకు రాలేదు. లెక్క కట్టే పద్ధతి, తీసుకున్న సంవత్సరాలు మారాయి. కృష్ణా విషయంలోనూ ఇంతే. బచావత్ ట్రిబ్యునల్ 75 శాతం నమ్మకం మీద, అంటే నాలుగేళ్లలో మూడేళ్లు వచ్చే నీరు అన్న లెక్కలో, 2,060 టీఎంసీలు అంది. తర్వాతి ట్రిబ్యునల్ 65 శాతం తీసుకుంటే అది 2,293 అయింది. సగటు నీళ్లతో ఎవరూ నారు పోయలేరు. రైతుకి కావాల్సింది ఈ ఏడాది, ఈ కారు, ఈ వాగు.

డెల్టా రైతుకి కనీసం ఒక ఏర్పాటు ఉంది. ప్రతి ఏడాదీ నెల్లూరులో సాగునీటి సలహా మండలి సమావేశం జరుగుతుంది. మనోళ్లు ఐఏబీ మీటింగ్ అంటారు. సోమశిలలో, కండలేరులో ఎంత నీరుంది, తాగునీటికి ఎంత తీసిపెట్టాలి, మిగిలిన దానితో ఎన్ని ఎకరాలు తడపొచ్చు అని అక్కడ తేలుస్తారు. ఎడగారుకి నీళ్లిస్తారా లేదా అన్నదీ మీటింగుల్లోనే తేలుతుంది. అక్కడ గొడవలు జరుగుతాయి, చివరి ఆయకట్టు రైతులు అరుస్తారు, అయినా ఒక మాటంటూ బయటికొస్తుంది. మెట్టలో చెరువు కింద రైతుకి అలాంటి మాట ఎవరు చెప్తారు? అతనికి మిగిలేది గేట్ల వీడియో.

650 ఏళ్ల కిందటి ఉదయగిరి ఇంజినీరింగ్

ఈ లెక్కలు మనకి కొత్తనుకుంటే పొరపాటు. కడప జిల్లా పోరుమామిళ్లలో ఒక పెద్ద చెరువుంది. దాన్ని 1369లో విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు, ఇంకో పేరు భవదూరుడు, కట్టించాడు. ఆయన పాలించింది ఎక్కడి నుంచి అనుకున్నారు? మా ఉదయగిరి నుంచే. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అక్కడి శాసనంలో ఉంది. ఆ చెరువు సగిలేరు పక్కనే ఉంది, సగిలేరు పెన్నలో కలిసేది సోమశిలకి ఎగువన. అంటే ఇది కూడా మన బేసిన్ కథే.

ఆ శాసనంలో మంచి చెరువుకి 12 అంగాలు, చెడ్డ చెరువుకి 6 దోషాలు లెక్కబెట్టారు. అంగాల్లో ఒకటి, జలశాస్త్రం తెలిసిన మనిషి ఉండటం. దోషాల్లో రెండు చూడండి: నీళ్లు తక్కువై నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీళ్లు ఎక్కువ కావడం. మన భాషలో సప్లై, డిమాండ్ సరిపోకపోవడం. నీటి అంచనా తప్పితే కట్ట ఎంత గట్టిగా ఉన్నా అది దోషమే అని 14వ శతాబ్దంలో రాయి మీద చెక్కించారు. మనం మాత్రం గేట్ల ఎత్తు, కాంక్రీటు ఘనపు మీటర్లు గర్వంగా చెప్పుకుంటాం, అంచనా సంగతి మర్చిపోతాం.

కొలరాడో వాళ్లు చేసిన పని

1980ల మొదట్లో అమెరికాలోని కొలరాడోలో ఇలాంటి చిక్కే వచ్చింది. కరువుని కొలవడానికి వాళ్ల దగ్గరున్న సూచీ వాననీ, నేల తేమనీ చూసేది. వాళ్ల నీళ్లేమో కొండల మీద మంచు నుంచి వచ్చేవి. అందుకని ఉపరితల నీటి సరఫరా సూచీ అని ఒకటి తయారు చేశారు. ఒక్కో నదీ పరీవాహక ప్రాంతానికి విడివిడిగా నాలుగు విషయాలు చూస్తారు: కొండల మీద మంచు, వాన, నదిలో ప్రవాహం, రిజర్వాయర్లో నిల్వ. వాటిని పాత సంవత్సరాలతో పోల్చి, చివరికి ఒకే అంకెగా చెప్తారు. పశ్చిమ రాష్ట్రాల్లో మరికొన్ని కూడా దీన్ని తమకి తగ్గట్టు మార్చుకుని వాడుకున్నాయి.

లెక్క మన సెకండ్ ఇయర్ ప్రాబబిలిటీ దాటదు. ఒక వాగుకి ముప్పై ఏళ్ల లెక్కలున్నాయనుకుందాం. తక్కువ నుంచి ఎక్కువకి వరసలో నిలబెట్టండి. ఈ ఏడాది కంటే తక్కువ నీళ్లున్న ఏళ్లు ఆరే అయితే, సుమారుగా 20 శాతం. అందులోంచి 50 తీసేసి 12తో భాగిస్తే మైనస్ 2.5. అది గట్టి కొరత. ఇరవై ఏడేళ్ల కంటే ఈ ఏడాది మెరుగైతే 90 శాతం, అంటే ప్లస్ 3.3. సున్నా అంటే మామూలు ఏడాది. అన్ని నదులకీ కొలబద్ద ఒకటే, ఇంచుమించు మైనస్ 4 నుంచి ప్లస్ 4 దాకా.

దీని గొప్పతనం గణితంలో లేదు, విడివిడిగా చెప్పడంలో ఉంది. అదే మన దగ్గర ఉండుంటే ఆ అక్టోబరులో "సోమశిల ప్లస్ 3, బొగ్గేరు మైనస్ 2" లాంటి మాట ఒకటి పక్కపక్కనే కనపడేది. మా నాయన పదో తరగతి తప్పాడు, కానీ ఆ రెండంకెలూ చూస్తే రెండెకరాల్లో ఒకెకరాకి మినుములు చల్లేవాడు.

మనకి మంచు లేదు కాబట్టి పద్ధతిని అలాగే దించుకుంటే పనికిరాదు. మంచు స్థానంలో మనకి ఎగువ నిల్వలున్నాయి: శ్రీశైలం, గండికోట, మైలవరం. ఇక్కడ నాదొక పట్టు. కృష్ణా నుంచి వచ్చే నీళ్లని, పెన్నలో సొంతంగా పారే నీళ్లని ఒకే గంపలో వేయకూడదు. పెన్న నీళ్లు వాన మీద ఆధారపడతాయి, వాటికి సంభావ్యత కట్టొచ్చు. కృష్ణా నీళ్లు వానతో పాటు ఒప్పందాల మీద, రెండు రాష్ట్రాల మధ్య తగాదాల మీద ఆధారపడతాయి. వాటికి ఏ ఫార్ములా లేదు. "మన నీళ్లు", "రావాల్సిన నీళ్లు" అని రెండు వరసలు రాస్తే జనానికి నిజం తెలుస్తుంది.

ఎదురు ప్రశ్నలు

ఈ మాట మా క్లాసులో అంటే మూడు ప్రశ్నలొచ్చాయి. మూడూ న్యాయమైనవే.

మొదటిది: "డేటా అంతా ఆన్‌లైన్లో ఉంది కదా?" నిజమే, రాష్ట్ర జలవనరుల సమాచార వ్యవస్థ వెబ్‌సైట్లో రిజర్వాయర్ మట్టాలు, వానలు, భూగర్భ జలాలు కనిపిస్తాయి. కానీ మట్టం తెలియడం వేరు, అది మంచిదా చెడ్డదా అని తెలియడం వేరు. థర్మామీటర్లో 101 అని ఉంటే అది జ్వరమని ఎవరో ఒకరు చెప్పాలి కదా.

రెండోది: "చిన్న వాగులకి గేజ్‌లే లేవు, ముప్పై ఏళ్ల లెక్కలెక్కడివి?" ఇది గట్టి ప్రశ్న. బొగ్గేరులో మా ఊరి దగ్గర ఎంత పారిందో ఎవరూ రాసిపెట్టలేదు. కానీ ఆకాశం నుంచి ఒకరు ఫొటోలు తీసిపెట్టారు. 1984 నుంచి ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు 30 మీటర్ల స్పష్టతతో తీసిన బొమ్మలు ఉచితంగా దొరుకుతాయి. ప్రతి జనవరిలో ఒక చెరువులో నీళ్లు ఎన్ని ఎకరాల్లో పరుచుకున్నాయో వాటిలో కొలవొచ్చు. చిన్న కుంటలు అందవు, మధ్యలో కొన్నేళ్లు మబ్బుల వల్ల పోతాయి, పూడిక వల్ల పరుపు ఎంతున్నా లోతు తగ్గి ఉంటుంది. అయినా ఏళ్లని వరసలో నిలబెట్టడానికి అది సరిపోతుంది. ఇప్పుడైతే సెంటినెల్ ఉపగ్రహాలున్నాయి, వాటి రాడార్ మబ్బుల్లోంచి కూడా నీళ్లని చూస్తుంది.

మూడోది మా నాయనే అడిగాడు: "మీరు మైనస్ అని చెప్పి, మేం వరి మానుకున్నాక వాన పడితే?" నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అక్టోబరులో చెప్పే ఏ అంచనా అయినా నవంబరు వాయుగుండాన్ని చూసి చెప్పలేదు. అది చేయగలిగింది ఒక్కటే: "చెరువు ఇప్పుడున్న స్థితిలో, ఇలాంటి పదేళ్లలో మూడేళ్లే నిండింది" అని నిజాయితీగా చెప్పడం. పందెం ఎటూ ఆడతారు. కనీసం పేకలు చూపించి ఆడమనాలి. కౌలుకి చేసేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. పంట పోయినా కౌలు కట్టాల్సిందే, వాళ్లకి ఒక్క తప్పు పందెం చాలు.

మెట్టకి నీళ్లు తెచ్చే పథకాలు లేవా అంటే, ఉన్నాయి. సోమశిల హైలెవల్ కాలువ పనులు ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. శ్రీశైలం నుంచి సొరంగాల ద్వారా వచ్చే వెలిగొండ ప్రాజెక్టులో ఉదయగిరి ప్రాంతం కూడా ఉంది. అవి రావాలి, తొందరగా రావాలి. కానీ వచ్చాక అంచనా అక్కర్లేదనుకుంటే మళ్లీ పప్పులో కాలేసినట్టే. అప్పుడు మా చెరువు కూడా సతారా వాన మీద ఆధారపడుతుంది. నీళ్లు ఎంత దూరం నుంచి వస్తే లెక్క అంత జాగ్రత్తగా ఉండాలి.

మనమేం చేయొచ్చు?

ఏటా మన డిపార్ట్‌మెంట్లో ఎన్ని మైనర్ ప్రాజెక్టులు "ఫలానా బ్రిడ్జి డిజైన్" అని పాత రిపోర్టులోంచి కాపీ కొట్టి, స్పైరల్ బైండింగ్ చేయించి, బీరువాలోకి పోతున్నాయో మనకే తెలుసు. నేనూ ఒకటి అలా చేశాను. ఈసారి నలుగురం కలిసి బొగ్గేరు పరీవాహకంలో చెరువుల జనవరి నీటి పరుపు కొలవడం మొదలుపెట్టాం. పదకొండు చెరువులు తీసుకున్నాం. ఇంకా సగం కూడా కాలేదు. ఒక చెరువులో గుర్రపుడెక్కని నీళ్లకింద లెక్కేశామో, నీళ్లని గుర్రపుడెక్క కింద లెక్కేశామో తేలక వారం పోయింది. చివరికి సెలవుల్లో ఊరెళ్లి కట్ట మీద నిలబడి చూసుకోవాల్సి వచ్చింది. అక్కడ ఒక పెద్దాయన, "నీళ్లు ఆ రాయి దాకా వస్తే రెండో తడి గ్యారంటీ, ఈ మెట్టు దాకా వస్తే పంట ఇంటికి" అని చేత్తో చూపించాడు. ఏ టేబుల్లోనూ లేని స్టేజ్-కెపాసిటీ సంబంధం అది. రాసుకున్నాం.

మీదే ఊరైనా సరే, మీ ఊరి చెరువుకి ఇది చేయొచ్చు. ప్రకాశం వాళ్లకి మన్నేరుంది, కడప వాళ్లకి సగిలేరుంది, తిరుపతి వైపు వాళ్లకి స్వర్ణముఖి ఉంది. సీఎస్‌ఈ వాళ్లు కోడ్ రాయొచ్చు, సివిల్ వాళ్లు కట్ట ఎక్కొచ్చు, మన తెలుగు క్లబ్ వాళ్లు దాన్ని నాలుగు వాక్యాల తెలుగులో రాయొచ్చు. అధికారిక అంచనా ఇవ్వాల్సింది ప్రభుత్వమే, ఐఏబీ మీటింగ్‌తో పాటే మెట్ట వాగుల లెక్క కూడా అక్కడ బల్ల మీదికి రావాలి. అది వచ్చేదాకా మనం చేసి చూపిస్తే, "కుదరదు" అనే మాటైనా తగ్గుతుంది.

ఈ అక్టోబరులో మా గ్రూపులో మళ్లీ గేట్ల వీడియో వస్తుంది. నేనూ దండం పెడతాను, పెన్నమ్మ కదా. దాని కిందే మా చెరువు లెక్క ఒక్క లైన్లో పెడదామనుకుంటున్నాను, ఎంత పచ్చిగా ఉన్నా సరే. మా నాయన ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేసి అడిగాడు: "అబ్బయా, లెక్క తేలిందా? నారు పొయ్యాలి."